శీనమ్మకు ఆగని బస్సు

ఉదయగిరి కోట కొండ మీద ఎండ పడే వేళకు, అంటే ఆరుంపావుకు, అంబ బస్సు ఆత్మకూరుకు బయలుదేరేది. దాని అసలు పేరు పొడుగైనదే. ఓనరు రామనారాయణ తన ఇలవేల్పు పేరు మొత్తం ముందు అద్దం పైన రాయించాడు. ఎండకూ వానకూ ముందరి అక్షరాలన్నీ రాలిపోయి చివరి రెండూ మిగిలాయి. జనానికి ఆ రెండే చాలాయి. టాపు మీదికి సీతాఫలాల గంపలు, చింతపండు బుట్టలు, చెక్క గరిటెల మూటలు ఎక్కేవి. డ్రైవరు కరీముల్లా బిస్మిల్లా అని స్టీరింగు ముట్టుకునేవాడు. కండక్టరు పెంచలనరసయ్య సంచీ సర్దుకుని 'రైట్' అనేవాడు. ఆయన్ని అందరూ నరసయ్య అనేవాళ్ళు.

ఆ బస్సుకు ఒక అలవాటుంది. దారిలో ఏ ఆడమనిషికైనా ఒంటికి పోవాల్సి వచ్చి ఇక ఆపుకోలేని స్థితి వస్తే, బస్సు తనంతట తనే ఆగిపోయేది. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు. చేటల గంప ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్న ముసలమ్మకైనా, అత్త పక్కన బిగుసుకుని కూర్చున్న కొత్త కోడలికైనా ఆగేది. మగవాళ్ళకు మాత్రం ఆగేది కాదు. మగవాడికి నోరుంది, పైగా రోడ్డంతా వాడి సొంతం, వాడికోసం బస్సు ప్రత్యేకంగా కష్టపడాల్సిన పనేముంది.

బస్సు ఆగగానే నరసయ్య "ఇంజను వేడెక్కింది, చల్లారనీండి" అని కేకేసేవాడు. ఆ మాటకు అర్థం పసిపిల్లలకు కూడా తెలుసు. మగవాళ్ళు దిగి ఎడమ పక్కన బస్సుకు వీపు పెట్టి నిలబడి బీడీలు ముట్టించేవాళ్ళు. ఆడవాళ్ళు రోడ్డు దాటి కుడి పక్క పొదల్లోకి పోయేవాళ్ళు. మధ్యలో బస్సే తెర. వెళ్ళిన మనిషి తిరిగి వచ్చేదాకా కరీముల్లా ఎన్నిసార్లు స్టార్టరు నొక్కినా ఇంజను పలికేది కాదు. పలికిందంటే అందరూ ఎక్కినట్టే. అందుకే నరసయ్య ఆడవాళ్ళను ఎప్పుడూ లెక్క చూసుకునేవాడు కాదు. పొదల్లోంచి వస్తున్న ఆడవాళ్ళను ఒకటి, రెండు అని లెక్కపెట్టే కండక్టరు ఉదయగిరిలో రెండో రోజు తలెత్తుకుని తిరగలేడు.

మొదట్లో రామనారాయణ బస్సు లేటవుతోందని నెల్లూరు నుంచి మెకానిక్కును పిలిపించాడు. అతను ఇంజను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, "దీంట్లో ఏం లేదండీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఏమీ లేకపోయినా మరుసటి రోజు మర్రిపాడు మిట్టల మీద బస్సు ఆగింది. ఒక బాలింత దిగి వచ్చింది. ఇక ఓనరు కూడా ఆ ప్రస్తావన ఎత్తలేదు. బస్సు టైమునే పదిహేను నిమిషాలు పెంచి బోర్డు మీద రాయించాడు.

నరసయ్యకు ఈ బస్సంటే గర్వం. "మనిషి అబద్ధం చెప్తాడు, మన అంబ చెప్పదు" అనేవాడు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, పండక్కు చీర మరిచిపోడు. అయితే ఒకసారి ఒకదాన్ని నమ్మాడంటే ఇక అటూ ఇటూ చూడడు. ఆయన చేసిన తప్పంతా అక్కడే మొదలైంది.

ఆయన భార్య శీనమ్మకు పంతొమ్మిది వందల డెబ్బై అయిదులో, ఎండాకాలం చివర, పొత్తికడుపులో మంట మొదలైంది. ఒంటికి పోతే చురచురమనేది. వచ్చి కూర్చున్న పది నిమిషాలకే మళ్ళీ పోవాలనిపించేది. పోతే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలకే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వేడి చేసిందన్నారు చూసినవాళ్ళు. ఆమె బార్లీ నీళ్ళు తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, పల్లేరుకాయల కషాయం నలభై రోజులు తాగింది. కరీముల్లా భార్య చాంద్‌బీ వెంటబెట్టుకుని అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. ఏది చేసినా మూడు రోజులు నయంగా ఉన్నట్టు ఉండి నాలుగో రోజు మొదటికొచ్చేది.

ఆ ఇళ్ళలో మరుగుదొడ్లు లేవు. ఆడవాళ్ళు తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి ఊరి వెనక మిట్టకు పోవడం ఆచారం. మధ్యలో అవసరమైతే పెరట్లో అంట్లు తోముకునే జాలాడి మూలే గతి, అదీ పక్కింటివాళ్ళు చూడకుండా. రోజుకు ఇరవైసార్లు అవసరం వచ్చే మనిషి ఏం చేస్తుంది? శీనమ్మ నీళ్ళు తాగడం తగ్గించింది. ఎక్కడికైనా పోవాలంటే ముందురోజు మధ్యాహ్నం నుంచే చెంబు ముట్టేది కాదు. తాగకపోతే మంట ఇంకా ఎక్కువయ్యేది. తాగితే పరుగులు ఎక్కువయ్యేవి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మరుసటి ఏడు నరసయ్య ఆమెను ఆత్మకూరులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి అంబ బస్సులోనే తీసుకుపోయాడు. ఆమె సీతాఫలాల రామసుబ్బమ్మ పక్కన కూర్చుంది. సగం దారి దాటేసరికి శీనమ్మ ముఖం మీద చెమటలు పట్టాయి. టిక్కెట్లు కొట్టుకుంటూ వస్తున్న మొగుడి చొక్కా పట్టుకుంది.

"ఏమయ్యా, ఆపమను. నా వల్ల కావడంలా."

నరసయ్య ముందుకు చూశాడు. ఇంజను హాయిగా మోగుతోంది.

"ఆగలేదు గదా" అన్నాడు.

"ఏంది ఆగేది?"

"బండి. నీకు నిజంగా వచ్చుంటే అదే ఆగేది గదా."

"నిన్న మధ్యాన్నం నించి నేను నీళ్ళు తాగలా. వచ్చేదానికి లోపల ఏముండాది? మంట తట్టుకోలేకుండా ఉండా. ఊరికే పొయ్యి కూచున్నా కాస్త నిమ్మళంగా ఉంటాది."

"నీళ్ళే లేకపోతే ఇంక పోయేదేంది? కూచో" అన్నాడు నరసయ్య. కోపంగా అనలేదు. తెలియనివాళ్ళకు దారి చెప్పినట్టు చెప్పి, చొక్కా విడిపించుకుని వెనక సీటుకు పోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన నోరు జారింది నలభై మంది మధ్య. శీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆత్మకూరు దాకా కూర్చుంది. రామసుబ్బమ్మ ఒకసారి ఆమె వైపు చూసి, కిటికీలోంచి బయటికి చూసింది. ఉదయగిరి తిరిగి వచ్చేసరికి ఊరందరికీ తెలిసింది, కండక్టరు పెళ్ళానికి అంబ ఆగలేదని.

డాక్టరు సీసా ఇచ్చాడు. ఆమె అరగంట కష్టపడి అడుగు తడిసేంత తెచ్చి ఇచ్చింది. దాన్ని నెల్లూరు పంపారు. నాలుగు రోజులకు చీటీ వచ్చింది. పురుగు లేదు, చీము లేదు, చక్కెర లేదు, అన్నిటి ఎదురుగా 'నిల్' అని రాసుంది. డాక్టరు అందరితోనూ మర్యాదగా మాట్లాడే మనిషే. సీసాలో కనిపించనిది ఆయనకు కనిపించదు, అంతే. "ఏం లేదు. మనసులో పెట్టుకోవద్దని చెప్పు" అని ఎర్ర మాత్రలు రాసిచ్చాడు. వాటితో ఒంటికి పోయేది కాషాయం రంగుకు తిరిగింది గానీ మంట తిరిగిపోలేదు.

"ఏం లేదంట" అన్నాడు నరసయ్య ఇంటికొచ్చి, చీటీ దీపం గూట్లో పెడుతూ.

"ఉండాది" అంది శీనమ్మ.

ఆ ఇంట్లో తర్వాత ఏడేళ్ళ కాపురం ఈ రెండు మాటల మధ్యే నడిచింది. ఆయన ఏం లేదనేవాడు, ఆమె ఉండాదనేది. ఇద్దరూ గొంతు పెంచేవాళ్ళు కాదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. బడి ఎగ్గొట్టాలని కడుపునొప్పి అనే పిల్లవాణ్ణి తల్లులు "అంబ ఆగిందంటరా?" అని అడగడం మొదలుపెట్టారు. పొలం పనికి రాలేనన్న కూలిమనిషిని "అంబ ఆగలేదులే, పదమ్మా" అనేవాళ్ళు. ఆ మాట ఎక్కడ పుట్టిందో కొన్నాళ్ళకు చాలామంది మరిచిపోయారు. శీనమ్మ మరిచిపోలేదు. వినిపించినప్పుడల్లా ఆమెకు ఆ సీటు, ఆ కొంగు గుర్తొచ్చేవి.

డెబ్బై తొమ్మిదిలో రెండో పరీక్ష. మళ్ళీ అదే బస్సు, మళ్ళీ "ఆపమను", మళ్ళీ "ఆగలేదు గదా". మళ్ళీ నిల్.

ఎనభై రెండులో కూతురి పెళ్ళి. సీతారామపురం సంబంధం. పీటల మీద కన్యాదానం వేళకు శీనమ్మ మూడుసార్లు లేచింది. మూడోసారి అయ్యవారు నీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. వియ్యపురాలు "ఏంది, బిడ్డనివ్వడం ఇష్టంలేదా మీ అమ్మకు?" అని నవ్వింది. అందరూ నవ్వారు. నరసయ్య కూడా నవ్వాడు, మర్యాదకు. జాలాడి నుంచి వస్తున్న శీనమ్మ ఆ నవ్వు చూసింది. ఆ రోజు నుంచి ఆమె ఆయనతో తన నొప్పి గురించి మాట్లాడటం తగ్గించింది. నరసయ్య దాన్ని నయం కావడం అనుకున్నాడు.

ఎనభై మూడులో, సీతాఫలాలు దిగుతున్న రోజుల్లో, ఆమె తనే అడిగింది. "ఒక్కసారి మళ్ళీ చూపించు. తర్వాత అడగను." సీసా పంపిన నాలుగు రోజులకు డాక్టరు రిపోర్టుతో పాటు మనిషిని కూడా రమ్మన్నాడు. నరసయ్య పొద్దున ట్రిప్పులో తీసుకుపోయాడు. ఆ పొద్దున ఆమె బస్సులో ఏమీ అడగలేదు. కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది.

చీటీలో ఏముందో వేరే చెప్పక్కర్లేదు. డాక్టరు ఈసారి నిద్రమాత్రలు రాశాడు. నరసయ్య మందుల షాపుకు పోయినప్పుడు, శీనమ్మ ఆసుపత్రి వెనక కుళాయి దగ్గరికి పోయింది. అక్కడ ఆయా రాహేలమ్మ సీసాలు కడుగుతోంది. మూడుసార్లూ శీనమ్మ చేతిలోంచి సీసా అందుకున్నది ఆమే.

"ఇదెన్నోసారి నువ్వు రావడం?" అంది రాహేలమ్మ.

"మూడు."

"మూడుసార్లూ నువ్వు సీసా ఇచ్చేటప్పుడు నీ చెయ్యి చూసినా. వణుకుతుంటాది. పురుగు లేకపోతే నొప్పి లేనట్టా ఏంది? మా చెల్లెలికి అచ్చం ఇదే. ఇక్కడ నిల్లు, నెల్లూరులో నిల్లు. రాయవేలూరు పెద్దాసుపత్రిలో లోపలికి సన్న గొట్టం పంపి చూసినారు. లోపలంతా పచ్చిపుండుగా ఉండాదంట. పురుగు లేని పుండు. దానికో పేరు కూడా ఉండాది, నాకు నోరు తిరగదు."

శీనమ్మ కుళాయి గట్టు మీద కూర్చుండిపోయింది. ఎనిమిదేళ్ళలో 'ఉండాది' అన్న మాట ఇంకొక మనిషి నోటి నుంచి వినడం ఆమెకు అదే మొదలు. ఏడవాలనిపించింది గానీ ఏడిస్తే టైము పోతుందనిపించింది.

"రేపు పొద్దున్నే చెల్లెల్ని తీసుకుని పోతుండా మళ్ళీ చూపించడానికి" అంది రాహేలమ్మ. "రాత్రికి మా ఇంట్లో పడుకో. వస్తే నిన్ను కూడా తీసుకుపోతా. మీ ఆయన్ని అడుగు."

నాలుగు గంటలకు తిరుగు ట్రిప్పు. అది బయలుదేరేముందు బస్టాండులో, టీ అంగడి పక్కన, శీనమ్మ అడిగింది. నరసయ్య మొత్తం విన్నాడు. అడ్డు తగలకుండా విన్నాడు, అది మాత్రం చెప్పుకోవాలి.

"రాయవేలూరా" అన్నాడు చివరికి. "మూడు చీటీలు లేదన్నాయి. డాక్టరు లేదన్నాడు. అంబ ఒక్కసారి కూడా ఆగలా. ఇంతమంది లేదంటుంటే, సీసాలు కడిగే ఆమె ఉండాదంటే పోదామా?"

"నేను ఉండాదంటుండా గదా."

"నువ్వంటే..." అని ఆగాడు.

"నీ బండికి కూడా ఏం లేదన్నాడు గదా ఆ నెల్లూరు మెకానిక్కు. మరి ఆగడంలా?"

"బండి మాట వేరే."

శీనమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత బస్సెక్కి రామసుబ్బమ్మ పక్కన కూర్చుంది. ఆమె గొడవపడనందుకు నరసయ్య మనసు తేలికపడింది. ఇంటికెళ్ళాక కాస్త మెత్తగా మాట్లాడాలనుకున్నాడు. అందాకా ఆమె వైపు చూడకుండా ఉండటమే మంచిదనుకుని టిక్కెట్లు కొట్టాడు.

ఆత్మకూరు దాటిన తర్వాత కొంతదూరం నెల్లూరు నుంచి బద్వేలు పోయే రోడ్డే. అటు ఇటు తుమ్మచెట్లు, మేకల మందలు, ఎదురుగా లారీలు. ఆ రోడ్డు మీద, ఉదయగిరికి మలుపు తిరగకముందు, అంబ ఆగింది.

"ఇంజను వేడెక్కింది, చల్లారనీండి" అన్నాడు నరసయ్య. మగవాళ్ళు దిగారు. ఆయనా దిగి బస్సుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా ఎండిన జొన్న చేను. దాంట్లో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఎవరో బీడీ ఇచ్చారు. రోడ్డుకు అవతల పక్క, బద్వేలు నుంచి నెల్లూరు పోయే బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. "ఏం భాయ్, బ్రేక్‌డౌనా?" అని ఆ డ్రైవరు అడిగాడు. దారిలో ఆగిన బస్సును అట్లా పలకరించి పోవడం మామూలే. "ఇంజను వేడెక్కింది" అన్నాడు కరీముల్లా, తల ఎత్తకుండా. ఆడవాళ్ళు దిగినప్పుడు ఆయన స్టీరింగు వైపు తప్ప ఎటూ చూడడు. ఆ బస్సు తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

కరీముల్లా స్టార్టరు నొక్కాడు. మొదటి నొక్కుకే ఇంజను అందుకుంది. మగవాళ్ళు ఎక్కారు. నరసయ్య ఫుట్‌బోర్డు మీద నిలబడి, ముందు సీట్ల వైపు చూడకుండా, 'రైట్' అన్నాడు.

ఉదయగిరి చేరేసరికి పొద్దుగూకింది. జనం దిగారు. గంపలు దిగాయి. నరసయ్య టాపు మీది నుంచి ఆఖరి మూట అందించి, కిందికి దిగి, శీనమ్మ బస్సు పక్కన ఎక్కడో నిలబడి ఉంటుందని చూశాడు. లేదు. లోపలికెక్కి చూశాడు. ఆమె కూర్చున్న సీటు పక్కన, మడిచిన డాక్టరు చీటీ కిటికీ సందులో దోపి ఉంది. నిద్రమాత్రలు కూడా అక్కడే ఉన్నాయి.

రామసుబ్బమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పోతోంది. నరసయ్య ఎదురు పోయి నిలబడ్డాడు.

"మా ఇంటామె ఏది?"

"దిగిపోయింది గదా" అంది రామసుబ్బమ్మ.

"ఎక్కడ?"

"బండి ఆగినప్పుడు. మాకెవరికీ అవసరం లేదు. ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం. శీనమ్మ ఒక్కతే లేచింది. రోడ్డు దాటింది. ఆ బద్వేలు బస్సు వస్తే చెయ్యి ఎత్తింది. ఎక్కి పోయింది."

"చూస్తా ఊరుకున్నారా? నాకు చెప్పొద్దూ?"

"చెప్పేదానికి నోరు తెరిచినా. ఇంతలో బండి స్టార్టయింది. బండి కదిలితే అందరూ ఎక్కినట్టే అని నువ్వే గదా చెప్తావు" అంది రామసుబ్బమ్మ. తర్వాత గంప ఒకసారి సర్దుకుని, "మొదటిసారి ఆ రోజు నీ చొక్కా పట్టుకున్నప్పుడు నేనన్నా ఒక మాట అని ఉండాల్సింది, నరసయ్యా. అనలా. ఆ పాపం నాది కూడా" అని వెళ్ళిపోయింది.

నరసయ్య పరుగెత్తుకుంటూ కరీముల్లా దగ్గరికి వచ్చాడు. "భాయ్, బండి తిప్పు. ఆత్మకూరు పోవాలి."

కరీముల్లా మారుమాట లేకుండా ఎక్కి స్టార్టరు నొక్కాడు. ఇంజను పలకలేదు. మళ్ళీ నొక్కాడు. పదిసార్లు నొక్కాడు. తర్వాత చెయ్యి తీసేసి స్టీరింగు మీద పెట్టుకున్నాడు.

"రాదు, తమ్ముడా. ఈ పొద్దు రాదు."

నరసయ్య డ్రైవరు సీటు పక్కన, ఇంజను మూత మీద కూలబడ్డాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.

"ఏడేళ్ళు ఆగలేదు" అన్నాడు. "ఎన్నిసార్లు అడిగిందో. ఒక్కసారి ఆగుంటే నేను నమ్మేవాణ్ణి గదా భాయ్. ఆగకుండా ఆగకుండా, ఈ పొద్దు ఆమె పోయేదానికి ఆగిందా?"

కరీముల్లా తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన ఎదుటివాణ్ణి నొప్పించే మాట వీలైనంత ఆలస్యంగా అనే మనిషి.

"మన బండి ఎవరికి ఆగుతాది, నువ్వే చెప్పు" అన్నాడు. "ఒక్క ఆడమనిషన్నా నోరు తెరిచి అడిగితే ఆగిందా ఈ పద్నాలుగేళ్ళలో? అడిగే దిక్కు లేనోళ్ళకు అది ఆగుతాది. కోడలు అత్తను అడగలేదు, ముసల్ది ఎవర్నీ అడగలేదు, వాళ్ళకు ఆగుతాది. శీనమ్మకు నువ్వు ఉండావు. నిన్ను అడిగింది. ఇంక బండి ఎందుకాగుతాది? నువ్వు ఆపుతావులే అనుకునుంటాది."

నరసయ్య భుజానున్న సంచీ తీసి కింద పెట్టాడు.

"నువ్వు కాదన్నాక ఈ పొద్దు ఇంక నిన్ను అడగలా" అన్నాడు కరీముల్లా.

ఆ సాయంత్రం నరసయ్య ఇంజను మూత మీద కూర్చుని ఏడ్చాడు. చొక్కా పట్టుకున్న ఆ చెయ్యి తడిగా ఉండిందని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. తాడు లాగితే గంట మోగేది, గంట మోగితే కరీముల్లా ఆపేవాడు, తుమ్మచెట్ల కింద ఆమె రెండు నిమిషాలు కూర్చుని వచ్చేది. అంతే పని. తాడు ఆయన తలకు జానెడు పైన వేలాడుతూనే ఉండింది. మేకపిల్ల దిగాలన్నా లాగే తాడది. బస్సు సాక్ష్యం కోసం చూస్తూ తను కండక్టరునన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

పొద్దున ఆరుంపావుకు అంబ మొదటి నొక్కుకే స్టార్టయింది. ఆత్మకూరులో రాహేలమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. ముగ్గురు ఆడవాళ్ళూ మొదటి బస్సుకు నెల్లూరు పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు.

పది రోజులకు రాయవేలూరు నుంచి కార్డు వచ్చింది. రాహేలమ్మ రాత. శీనమ్మకు మత్తిచ్చి గొట్టంతో చూశారని, లోపల పగుళ్ళు ఉన్నాయని, పురుగు పరీక్షల్లో అది తెలియదని పెద్ద డాక్టరమ్మ చెప్పిందని రాసింది. మందు నీళ్ళతో కడిగారు. పూర్తిగా పోదు, తగ్గుతుంది. మొదటి ఏడే తెచ్చుంటే ఇంత ముదిరేది కాదన్నారు. చెవుల కమ్మలు అమ్మింది. ఉదయగిరి రానని చెప్పమంది. రెండు చీరలు, దువ్వెన ఆత్మకూరుకు పంపమంది.

నరసయ్య ఆ కార్డు చాలాసార్లు చదివాడు. 'మొదటి ఏడే' అన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోయేవాడు. ఊళ్ళోవాళ్ళు ఏమైందని అడిగితే దాచకుండా చెప్పాడు. పిల్లవాణ్ణి బడికి తరుముతూ ఎవరో తల్లి అలవాటుగా పాత మాట అంటుంటే, ఆయన బజారులో నిలబడిపోయి, "ఆ మాట అనబాకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. నిజంగానే వంగబోయాడు. తర్వాత ఆ మాట ఉదయగిరిలో ఎవరూ వాడలేదు.

శీనమ్మ ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టలు వంటమనిషిగా చేరింది. అక్కడ వంటగది వెనకే రెండు మరుగుదొడ్లు ఉన్నాయి, తలుపులతో సహా. అందుకే ఆ ఉద్యోగం ఒప్పుకుందని రాహేలమ్మ చెప్పింది.

నరసయ్య చీరలు మూడు నెలలు దగ్గర పెట్టుకున్నాడు. ఇచ్చేస్తే ఆ ఇంటికి ఆమెతో ఉన్న ఆఖరి పని కూడా అయిపోతుంది. చివరికి సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం, రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో, హాస్టలుకు పోయాడు. శీనమ్మ వంటగది గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. ముఖం కాస్త తేరుకుంది. పక్కన పెద్ద సత్తుచెంబు నిండా నీళ్ళున్నాయి. ఆయన్ని చూసి లేవలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

"కూచో" అంది.

ఆయన కూర్చున్నాడు. చీరలు, దువ్వెన ఇచ్చాడు. కూతురికి నెల తప్పిందని చెప్పాడు. ఆమెకు అప్పటికే తెలుసు. ఆ తర్వాత చెప్పడానికి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. తప్పయిందని చెప్పాలి. మళ్ళీ రమ్మని అడగాలి. ఆమె చెంబెత్తి నీళ్ళు తాగింది. అట్లా నిండుగా, ఆగకుండా ఆమె నీళ్ళు తాగడం ఆయన ఎన్నేళ్ళుగానో చూడలేదు.

"ఎట్లుండాది ఇప్పుడు? మంట?" అని అడిగాడు.

శీనమ్మ చేటలో చెయ్యి ఆపింది.

"ఉండాది. ముందరంత లేదు" అంది. "వంట చేస్తా చేస్తా లేచి పొయ్యొస్తుంటా. ఎవరూ ఏమనరు."

"నీకు అవసరమైతే... ఎప్పుడన్నా కూతురింటికి పొయ్యేప్పుడు మన బండిలో రా. నువ్వు అడగాల్సిన పనిలేదు. నేను ఆపిస్తా."

ఆమె ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది ఉండి ఉంటే ఆయనకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

"ఈ మాట ఆ పొద్దు అనుంటే, పొయ్యొచ్చి నీ బండిలోనే కూచుండేదాన్ని గదయ్యా" అంది శీనమ్మ.

వీధిలో కరీముల్లా హారన్ కొట్టాడు. నరసయ్య లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. గడప మీద చేట ఉంది, శీనమ్మ లేదు. లోపల మరుగుదొడ్డి తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆమె వచ్చేదాకా నిలబడదామనుకున్నాడు. బస్సు నిండా జనం ఎదురుచూస్తున్నారు, ఆయన వెళ్ళి ఎక్కాడు.